ధ్రువరాత్రిలో జాజ్ వినాలంటే: లాంగియర్‌బ్యెన్ ప్రయాణానికి సన్నాహం

నార్వే రాజధాని ఓస్లోలో విమానం ఎక్కి ఉత్తరంగా మూడు గంటలు ప్రయాణిస్తే వచ్చే ఊరు లాంగియర్‌బ్యెన్. స్వాల్‌బార్డ్ ద్వీపాల్లో, 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, రెండు కొండల నడుమ లోయలో ఉన్న ఈ ఊరి జనాభా సుమారు 2,500. అక్టోబరు చివరి వారంలో ఇక్కడ అస్తమించిన సూర్యుడు మళ్లీ ఫిబ్రవరి మధ్య వరకు ఉదయించడు. ఆ దీర్ఘరాత్రి ముగింపుకు వచ్చే రోజుల్లో, అంటే ఏటా జనవరి ఆఖరులోనో ఫిబ్రవరి మొదటి రోజుల్లోనో, పోలార్‌జాజ్ అనే సంగీతోత్సవం జరుగుతుంది. 1998లో మొదలైన ఈ ఉత్సవం పేరులో జాజ్ ఉన్నప్పటికీ, వేదిక మీద బ్లూస్, జానపదం, రాక్ కూడా వినిపిస్తాయి.

ఇంత దూరం వెళ్లి సంగీతం వినాలనుకునే తెలుగువారు హైదరాబాదు నుంచి బయల్దేరినా, లండన్ నుంచో డల్లాస్ నుంచో బయల్దేరినా, చేయవలసిన పనులు దాదాపు ఒక్కటే. భారత పాస్‌పోర్టు ఉన్నవారికి మాత్రం ఒక మెట్టు ఎక్కువ. ఆ పనులను ఏ వరుసలో చేయాలో ఇక్కడ చెబుతున్నాను. వరుస ఎందుకు ముఖ్యమంటే, మామూలుగా మనం కచేరీ టికెట్టు కొని, విమానం చూసుకుని, చివరికి బస వెతుక్కుంటాం. లాంగియర్‌బ్యెన్ విషయంలో ఈ పద్ధతి తలకిందులు కావాలి. చుట్టుపక్కల మరో ఊరికి రోడ్డు లేని చోట గది దొరకకపోతే పక్క ఊళ్లో సర్దుకునే వీలు ఉండదు.

ముందు తేదీ, ఆ వెంటనే బస

ఉత్సవం తేదీలు ఏటా మారుతుంటాయి కాబట్టి నిర్వాహకులు ప్రకటించిన తేదీలను మొదట వారి అధికారిక ప్రకటనలోనే చూసుకోండి. ఆ తేదీల పక్కన పంచాంగం తెరిచి ఆనాటి తిథి ఏమిటో చూడమని కూడా నా సలహా. ఇందులో శకునాల ప్రసక్తి లేదు, ఇది శుద్ధ ఖగోళ విషయం. శీతకాలంలో సూర్యుడు దక్షిణాన ఎంత దిగువకు పోతాడో, పున్నమి చంద్రుడు ఉత్తరాన అంత ఎగువకు వస్తాడు. అందువల్ల ఆ అక్షాంశంలో జనవరి ఆఖరున శుక్లపక్షం సగం గడిచినప్పటి నుంచి పున్నమి దాటిన కొద్ది రోజుల వరకు చంద్రుడు అస్తమించకుండా ఆకాశంలోనే చుట్టూ తిరుగుతూ ఉంటాడు. అమావాస్య దగ్గరి రోజుల్లో పూర్తిగా క్షితిజం కిందే ఉండిపోతాడు. ఉత్సవం మాఘ శుద్ధ దశమి ప్రాంతంలో పడితే మంచు కొండలు వెన్నెల్లో ఇరవై నాలుగు గంటలూ కనిపిస్తాయి. పుష్య బహుళంలో పడితే మధ్యాహ్నం కాసేపు పరచుకునే నీలికాంతి తప్ప మిగతా సమయమంతా వీధి దీపాలే దిక్కు. ఉత్సవం తేదీని మీరు మార్చలేరు గాని, దానికి ముందో వెనకో రెండు రోజులు కలుపుకోవాలనుకున్నప్పుడు ఆ రెండు రోజులను ఏ వైపున కలుపుకోవాలో ఈ లెక్క చెబుతుంది.

తేదీ అసలు కుదరదనిపిస్తే, అదే ఊళ్లో 2003 నుంచి అక్టోబరు ఆఖరులో జరిగే డార్క్ సీజన్ బ్లూస్ అనే మరో ఉత్సవం ఉంది. సూర్యుడు సెలవు తీసుకునే రోజుల్లో అది జరుగుతుంది. రెండింటిలో ఏది ఎంచుకోవాలని అడిగితే నేను పోలార్‌జాజ్ వైపే మొగ్గుతాను. అక్టోబరులో వచ్చిన అతిథి చీకటి మొదలవడం చూసి వెళ్లిపోతాడు. ఫిబ్రవరి మొదట్లో వచ్చినవాడు మూడు నెలల చీకటిని దాటుకుని వచ్చిన జనం మధ్య కూర్చుంటాడు. ఆ హాల్లో చప్పట్లు కొట్టేవారిలో చాలామంది అప్పటికి తొంభై రోజులకు పైగా సూర్యుణ్ణి చూడలేదన్న సంగతి గుర్తుంచుకుని వింటే పాట వేరుగా వినిపిస్తుంది.

తేదీ తేలగానే, విమానం టికెట్టు కన్నా ముందు గది చూసుకోండి. బసకు ప్రధానంగా రెండు చోట్లున్నాయి. ఒకటి ఊరి నడిబొడ్డు. దుకాణాలు, భోజనశాలలు, కచేరీలకు ముఖ్య వేదికయిన కుల్టూర్‌హూసె అనే సాంస్కృతిక భవనం, అన్నీ అక్కడికి నడక దూరంలో ఉంటాయి. రెండోది లోయ పైభాగాన ఉన్న న్యూబ్యెన్. ఒకప్పటి గని కార్మికుల వసతి గృహాలను అక్కడ అతిథి గృహాలుగా మార్చారు. కొన్నింటిలో అందరూ వాడుకునే వంటగది ఉంటుంది, అద్దె కూడా కొంత తక్కువ. కాని అక్కడి నుంచి కేంద్రానికి సుమారు రెండు కిలోమీటర్లు నడవాలి. పగటిపూట అది పెద్ద దూరం కాదు. కచేరీ ముగిసిన అర్ధరాత్రి, ఎదురుగాలిలో, గట్టిపడిన మంచు మీద ఎత్తుకు నడవడం మాత్రం వేరే సంగతి. శాకాహారులు, సొంతంగా వండుకునేవారు న్యూబ్యెన్‌ను ఎంచుకుని రాత్రిపూట టాక్సీకి డబ్బు పక్కన పెట్టుకోవడం మంచిది. పెద్దవారితో వెళ్లేవారు ఖర్చు ఎక్కువైనా ఊరి మధ్యలోనే దిగాలి.

కచేరీ టికెట్ల విషయం తేలిక. ఉత్సవం మొత్తానికి పాసు తీసుకోవచ్చు, విడి కచేరీలకూ కొనుక్కోవచ్చు. మూడు నాలుగు రోజులు అక్కడే ఉంటారు కాబట్టి పాసు తీసుకోవడమే నయం. పేరు తెలియని వాద్యబృందాన్ని వినడానికి విడిగా డబ్బు పెట్టడానికి మనసొప్పదు గాని, చేతిలో పాసు ఉంటే లోపలికి వెళ్తాం.

వీసా అక్కరలేని చోటికి వీసా

ఈ ప్రయాణంలో ఎక్కువమంది పొరపడే చోటు ఇదే. స్వాల్‌బార్డ్ నార్వే సార్వభౌమాధికారం కిందే ఉన్నా, 1920 ఫిబ్రవరి 9న పారిస్‌లో సంతకాలు జరిగి 1925లో అమల్లోకి వచ్చిన ఒప్పందం ప్రకారం దానికి ప్రత్యేక ప్రతిపత్తి ఉంది. భారతదేశం కూడా ఆ ఒప్పందంలో భాగస్వామి. అక్కడ అడుగుపెట్టడానికి ఏ దేశం వారికీ వీసా అక్కరలేదు. ఈ మాట విని సంతోషించి ఊరుకుంటే చిక్కులో పడతారు. అక్కడికి వెళ్లే ప్రయాణికుల విమానాలు ఓస్లో నుంచో, ఉత్తర నార్వే పట్టణం ట్రామ్సో నుంచో బయల్దేరతాయి, ఆ రెండూ షెంగెన్ ప్రాంతంలో, అంటే ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల ప్రాంతంలో, ఉన్నాయి. స్వాల్‌బార్డ్ షెంగెన్ వెలుపల ఉంది. అంటే మీరు నార్వేలో దిగినప్పుడు షెంగెన్‌లోకి ఒకసారి ప్రవేశిస్తారు, లాంగియర్‌బ్యెన్ విమానం ఎక్కినప్పుడు దాని నుంచి బయటపడతారు, తిరుగు ప్రయాణంలో రెండోసారి ప్రవేశిస్తారు. ఒకే ప్రవేశానికి ఇచ్చిన వీసాతో వెళ్లినవారికి తిరిగి రావడానికి దారి ఉండదు. కాబట్టి దరఖాస్తులో రెండు ప్రవేశాలు గాని, అంతకన్నా ఎక్కువ గాని కావాలని స్పష్టంగా అడిగి, ప్రయాణ వివరాల్లో స్వాల్‌బార్డ్ పేరు రాయండి. వీసా చేతికి వచ్చాక ప్రవేశాల గడిలో 1 అని ఉందా, 2 అని ఉందా, మల్టిపుల్ అని ఉందా చూసుకోకుండా కవరు మూయకండి.

దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వవచ్చు, కనీసం పదిహేను రోజుల ముందు ఇవ్వాలి. డిసెంబరు సెలవుల రద్దీని దృష్టిలో పెట్టుకుంటే అక్టోబరులోనే పూర్తి చేసుకోవడం క్షేమం. కనీసం 30,000 యూరోల వైద్యబీమా షెంగెన్ నిబంధనల్లోనే ఉంది. అయితే ఈ ప్రయాణానికి ఆ కనీసంతో సరిపెట్టుకోవద్దు. లాంగియర్‌బ్యెన్ ఆసుపత్రి చిన్నది, పెద్ద ప్రమాదమో జబ్బో వస్తే రోగిని విమానంలో ట్రామ్సోకు తరలిస్తారు. అత్యవసర విమాన తరలింపు ఖర్చు తమ పాలసీలో ఉందా, స్వాల్‌బార్డ్‌కు అది వర్తిస్తుందా అని బీమా సంస్థను రాతపూర్వకంగా అడిగి జవాబు దాచుకోండి.

అమెరికా గ్రీన్‌కార్డో బ్రిటన్ నివాస అనుమతో ఉన్నంత మాత్రాన ఈ మెట్టు తప్పదు. పాస్‌పోర్టు భారతదేశానిదైతే షెంగెన్ వీసా కావలసిందే.

విమానాలు, ఒక రోజు జాగా

హైదరాబాదు నుంచి ఓస్లోకు నేరు విమానం లేదు. దోహాలోనో దుబాయిలోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో మారాలి. ఓస్లో చేరిన రాత్రి అక్కడే ఉండి మర్నాడు ఉత్తరానికి వెళ్లడం అలవాటు చేసుకోండి. అలసట ఒక కారణం, సామాను రెండో కారణం. పెట్టె రాకుండా మీరు మాత్రమే ధ్రువప్రాంతానికి చేరితే కష్టం ఎంతటిదో వివరించనక్కరలేదు. ఈ కారణంగానే ఒక జత ఉన్ని లోదుస్తులు, టోపీ, చేతి తొడుగులు, బూట్లు చేతి సంచిలో గాని ఒంటి మీద గాని ఉండాలి.

తీరిక ఉన్నవారికి ట్రామ్సో మీదుగా వెళ్లే దారి మరింత ఆకర్షణీయం. దాదాపు అవే రోజుల్లో ట్రామ్సోలో నూర్‌లీస్‌ఫెస్టివాలెన్, అంటే ధ్రువకాంతుల (చీకటి ఆకాశంలో కదలాడే రంగుల వెలుగులు, అరోరా) ఉత్సవం, 1988 నుంచి జరుగుతోంది. అందులో శాస్త్రీయ సంగీతానిది పెద్దపీట. రెండు ఉత్సవాల తేదీలు కలిసివచ్చిన ఏడాది ఒకే ప్రయాణంలో రెండూ వినవచ్చు. ఓస్లో విమానం ట్రామ్సోలో ఆగితే పాస్‌పోర్టు తనిఖీకి అక్కడ దిగి మళ్లీ ఎక్కవలసి ఉంటుంది కాబట్టి పాస్‌పోర్టును పై సంచిలో మరచిపోకండి.

గాలి తీవ్రంగా ఉన్న రోజుల్లో లాంగియర్‌బ్యెన్‌లో విమానాలు ఆలస్యం కావడం, రద్దు కావడం అసాధారణం కాదు. తిరుగు ప్రయాణంలో ఓస్లో నుంచి ఇంటికి వచ్చే విమానానికి, లాంగియర్‌బ్యెన్ నుంచి వచ్చే విమానానికి మధ్య ఒక పూర్తి రోజు వదలండి. ఆ రోజుకయ్యే హోటలు ఖర్చు, తప్పిపోయిన అంతర్జాతీయ టికెట్టు ఖర్చు ముందు లెక్కలోకి రాదు.

ఒంటి మీద ఏముండాలి

లాంగియర్‌బ్యెన్ అక్షాంశాన్ని బట్టి ఊహించుకునేంత చలి అక్కడ ఉండదు. అట్లాంటిక్ నుంచి వచ్చే వెచ్చని సముద్ర ప్రవాహం ఈ ద్వీపాల పశ్చిమ తీరాన్ని తాకుతూ పోతుంది. ఫిబ్రవరిలో ఉష్ణోగ్రత సాధారణంగా సున్నాకు 10 నుంచి 20 డిగ్రీల దిగువన ఉంటుంది. అసలు శత్రువు గాలి. సున్నాకు 15 డిగ్రీల దిగువన, గంటకు 36 కిలోమీటర్ల గాలి వీస్తే చర్మానికి అది సున్నాకు 27 డిగ్రీల దిగువన ఉన్నట్టు తెలుస్తుంది. అందుకని ఒకే ఒక్క దళసరి కోటు కొనుక్కుని వెళ్లడం తెలివైన పని కాదు. హాలు లోపల వెచ్చగా ఉంటుంది, రెండు గంటలు కూర్చుంటే చెమట పడుతుంది, ఆ చెమటతో బయటికి వస్తే అదే ఒంటి మీద చల్లబడుతుంది. విప్పుకోవడానికీ తొడుక్కోవడానికీ వీలైన పొరలు కావాలి.

ఒంటిని అంటుకునే పొర మెరీనో ఉన్నిది కావాలి. మనకు అలవాటైన నూలు బనియను ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే నూలు చెమటను పీల్చుకుని ఆరకుండా ఉంటుంది. దాని మీద ఉన్ని స్వెటరో ఫ్లీసో, ఆపైన గాలి చొరబడని కోటు, ప్యాంటు. కాళ్లకు రెండు జతల ఉన్ని మేజోళ్లు పట్టేలా మామూలు కన్నా ఒక సైజు పెద్ద బూట్లు తీసుకోండి. బూటు బిగుతుగా ఉంటే రక్తప్రసారం తగ్గి, ఎన్ని మేజోళ్లు వేసినా వేళ్లు మొద్దుబారతాయి. వేళ్లన్నీ ఒకే అరలో ఉండే చేతి తొడుగులు, వేళ్లు విడివిడిగా ఉండేవాటి కన్నా వెచ్చగా ఉంటాయి. వాటి లోపల పలుచని ఉన్ని తొడుగులు వేసుకుంటే టికెట్టు చూపించడానికి, ఫోను తీయడానికి వీలవుతుంది. మెడకు మఫ్లరు కన్నా గొట్టంలా తొడుక్కునేది నయం, గాలికి ఊడిపోదు. చీర కట్టుకుని కచేరీకి వెళ్లాలని ముచ్చటపడేవారు ఉన్ని పొరల మీద కట్టుకోవచ్చు గాని, కుచ్చిళ్లు మంచులో ఈడ్చకుండా హాలు చేరాకే సర్దుకోవడం మేలు.

మరిచిపోకూడని చిన్న వస్తువులు మూడు. మొదటిది బూట్ల అడుగున తొడుక్కునే ముళ్ల పట్టీలు. ఈ మధ్య శీతకాలాల్లో అక్కడ నడుమనడుమ వాన పడుతోంది, ఆ నీరు మర్నాటికి గడ్డకట్టి వీధులు అద్దాల్లా తయారవుతాయి. చలికి జబ్బుపడే అతిథుల కన్నా జారిపడే అతిథుల గురించే నాకు ఎక్కువ భయం. రెండోది వెలుతురు పడితే మెరిసే పట్టీ, ఇది కోటుకు వేలాడుతూ ఉండాలి. పగలూ రాత్రీ చీకటిగా ఉన్న ఊళ్లో వాహనం నడిపేవారికి మీరు కనబడటానికి అదొక్కటే ఆధారం. మూడోది తలకు కట్టుకునే దీపం. ఫోను దీపంతో సరిపెడదామనుకుంటే, ఆ చలిలో బ్యాటరీ చూస్తుండగానే తగ్గిపోతుంది. ఫోనును ఎప్పుడూ లోపలి జేబులో, ఒంటి వెచ్చదనానికి దగ్గరగా ఉంచుకోండి.

వాద్యం వెంట తీసుకెళ్లేవారికి

ఉత్సవంలో వాయించడానికి కాకపోయినా, సాధన మానలేక వాద్యాన్ని వెంట తెచ్చుకునేవారు ఉంటారు. చలి కన్నా పొడితనం వాద్యాలకు ఎక్కువ హాని చేస్తుంది. సున్నాకు 15 డిగ్రీల దిగువన ఉన్న గాలిని గదిలోకి తెచ్చి 22 డిగ్రీలకు వేడిచేస్తే దాని సాపేక్ష తేమ 10 శాతం లోపుకు పడిపోతుంది. కోనసీమ తేమలో పెరిగిన కొయ్య ఆ పొడిగాలికి కుంచించుకుని పగులుతుంది. మృదంగం మూతలు బిగుసుకుంటాయి. బొబ్బిలి వీణ వంటి పనస వీణల మెట్లు మైనంలో పొదిగి ఉంటాయి, ఆ మైనం చలికి పెళుసై కదిలిపోవచ్చు. వీణను ఇంట్లోనే ఉంచి రమ్మని నా ఖండితమైన సలహా. వయొలిన్ తెచ్చేవారు పెట్టెలో తేమనిచ్చే గొట్టం ఒకటి పెట్టి, బయటి నుంచి గదిలోకి తెచ్చాక పెట్టెను వెంటనే తెరవకుండా రెండు మూడు గంటలు అలాగే వదిలేయాలి. చల్లని కొయ్య మీద గది తేమ ఆవిరి పట్టినట్టు పేరుకుంటే జిగురు వదులవుతుంది. కెమెరాకూ ఇదే నియమం.

తిండి విషయం

ఊళ్లో ఉన్న పెద్ద దుకాణంలో బియ్యం, పప్పు, కూరగాయలు దొరుకుతాయి. అవన్నీ ఓడలోనో విమానంలోనో రావలసినవే కాబట్టి తాజా కూరగాయల ధర చూసి గుండె గట్టి చేసుకోవాలి. నార్వేజియన్ల తరువాత ఆ ఊరి పెద్ద సమూహాల్లో థాయి, ఫిలిప్పీన్స్ దేశాలవారు ఉన్నారు. అందువల్ల అన్నం తినే మనిషికి ఊహించినంత ఇబ్బంది ఉండదు.

ఇంటి నుంచి కందిపొడి, ఆవకాయ, చింతపండు గుజ్జు, అటుకులు తీసుకెళ్లండి. నెయ్యి మాత్రం వద్దు. యూరప్ వెలుపలి నుంచి వచ్చే ప్రయాణికులు పాల పదార్థాలు, మాంసం నార్వేలోకి తేవడం నిషిద్ధం. పూతరేకులు, పాలకోవా, సున్నుండల వంటి వాటిలోనూ నెయ్యో పాలో ఉంటాయి గనుక అవీ ఆ లెక్కలోకే వస్తాయి. వెన్న ఆ ఊళ్లోనే దొరుకుతుంది, కాచుకుంటే సరిపోతుంది. ఆవకాయ సీసాను పెట్టెలో పెట్టేటప్పుడు రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టడం తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పనక్కరలేదనుకుంటాను.

ఊరి మద్యం విధానం వింతగా ఉంటుంది. గని కంపెనీ కాలం నుంచి వచ్చిన ఆచారం ప్రకారం స్థానికులకు బీరు, స్పిరిట్ల మీద నెలవారీ కోటా ఉంది. దుకాణంలో కొనదలచిన అతిథి తన విమాన టికెట్టు చూపించాలి. కచేరీ చోట గ్లాసులో కొనుక్కోవడానికి ఈ షరతు లేదు.

చీకట్లో ఊరు

విమానాశ్రయం నుంచి బస్సు హోటళ్ల దగ్గర ఆగుతూ వెళ్తుంది. దిగగానే గది తలుపు దగ్గర బూట్లు విప్పమని రాసి ఉండటం చూస్తారు. చాలా హోటళ్లలో, మ్యూజియంలో, చర్చిలో బూట్లు బయటే విడవాలి. బొగ్గు దుమ్ము ఇంట్లోకి రాకుండా గని కార్మికులు పెట్టుకున్న అలవాటది. మన ఇళ్ల అలవాటే గనుక కొత్తగా ఏమీ అనిపించదు. చిల్లులేని మేజోళ్లు మాత్రం వేసుకోవాలి.

ఊరి చరిత్ర కొంచెం తెలిస్తే ఉత్సవం అర్థమవుతుంది. 1906లో అమెరికన్ వ్యాపారి జాన్ మన్రో లాంగియర్ కంపెనీ బొగ్గు తవ్వడానికి ఇక్కడ ఈ స్థావరాన్ని నెలకొల్పింది, ఊరికి ఆయన పేరే నిలిచింది. 1916లో స్టోరే నోర్స్కే అనే నార్వే కంపెనీ దాన్ని తీసుకుంది. మన సింగరేణి ప్రాంతంలో గనిచుట్టూ ఇళ్లూ బడీ ఆసుపత్రీ క్లబ్బూ పుట్టినట్టే ఇక్కడా పుట్టాయి. ఆ గని కంపెనీ పేరు పెట్టుకున్న పురుషుల గాయక బృందం ఒకటి ఇప్పటికీ ఉంది. 2023లో ఊరి విద్యుత్ కేంద్రం బొగ్గును వదిలి డీజిలుకు మారింది, 2025లో చివరి నార్వే గని, ఏడో నంబరు, మూతపడింది. ఇప్పుడు ఊళ్లో ఎక్కువమంది విశ్వవిద్యాలయ కేంద్రంలోనో పర్యాటకంలోనో పని చేస్తూ, కొన్నేళ్లుండి వెళ్లిపోయేవారు. యాభైకి పైగా దేశాలవారున్న ఆ ఊళ్లో, అందరూ ఒకే గదిలో కూర్చునే సందర్భాల్లో ఈ ఉత్సవం ఒకటి.

కాబట్టి కచేరీకి సమయానికి ముందే వెళ్లండి, కోటు తగిలించేచోట పెట్టండి, పక్కన కూర్చున్నవారిని పలకరించండి. అందరికీ ఇంగ్లిషు వస్తుంది. పాటల మధ్య గాయకులు చెప్పే కబుర్లు మాత్రం తరచుగా నార్వేజియన్‌లోనే సాగుతాయి. హాలంతా నవ్వినప్పుడు మీకు అర్థం కాకపోయినా నొచ్చుకోకండి, విరామంలో అడిగితే ఎవరో ఒకరు సంతోషంగా చెబుతారు.

ఇక ధ్రువపు ఎలుగుబంట్ల సంగతి. ఊరి లోపల వీధుల్లో నడవడానికి భయం లేదు, కచేరీ నుంచి గదికి మామూలుగా నడిచి వెళ్లవచ్చు. ఊరి అంచున ఎలుగుబంటి బొమ్మతో త్రికోణ హెచ్చరిక బోర్డులు ఉంటాయి. ఆ బోర్డు దాటి, ఫొటో కోసమని పది అడుగులైనా, తుపాకీ అనుభవమున్న మార్గదర్శి లేకుండా వెళ్లకూడదు. ఊరి వెలుపలికి వెళ్లేవారు ఎలుగుబంటిని బెదరగొట్టే సాధనం దగ్గరుంచుకోవాలని అక్కడి నిబంధన. ఎలుగుబంటిని వెతుక్కుంటూ దగ్గరికి పోవడం కూడా చట్టవిరుద్ధమే. 2025 నుంచి కనీసం 300 మీటర్ల దూరం పాటించాలి, మార్చి నుంచి జూన్ ఆఖరు వరకు 500 మీటర్లు. రెయిన్‌డీర్లు మాత్రం ఇళ్ల మధ్యనే తిరుగుతుంటాయి, వాటికి దారి వదిలి పక్కకు తప్పుకోండి.

మరో ప్రమాదం మంచు చరియలది. 2015 డిసెంబరు 19న ఊరి పక్క కొండ నుంచి జారిన మంచు ఇళ్లను కప్పేసి ఇద్దరు మరణించారు. ఆ తరువాత కొండ వాలులో రక్షణ కట్టడాలు వచ్చాయి. స్వాల్‌బార్డ్ గవర్నరు కార్యాలయమైన సిసెల్‌మెస్టెరెన్ ఏదైనా వీధి ఖాళీ చేయమన్నా, దారి మూసినా, దాన్ని సూచనగా కాక ఆజ్ఞగా తీసుకోండి.

కచేరీలు లేని వేళల్లో

కచేరీలు సాయంత్రాల్లో ఉంటాయి, పగళ్లు ఖాళీ. మధ్యాహ్నం పన్నెండు గంటల ప్రాంతంలో తప్పనిసరిగా బయట ఉండండి. ఫిబ్రవరి మొదటి రోజుల్లో సూర్యుడు ఇంకా క్షితిజం కిందే ఉన్నా, దక్షిణాకాశం కాసేపు గాఢమైన నీలం అవుతుంది, కొండల మంచూ అదే రంగు పట్టుకుంటుంది. ధ్రువకాంతుల కోసం సాయంత్రాలు, రాత్రులు చూడాలి. వాటి కోసమే వచ్చేవారికి ఒక నిజం చెప్పాలి. రాత్రివేళ ఆ కాంతులు గట్టిగా కనబడే వలయం సాధారణంగా స్వాల్‌బార్డ్‌కు దక్షిణంగా, ట్రామ్సో మీదుగా పోతుంది. లాంగియర్‌బ్యెన్ ప్రత్యేకత, నడిశీతకాలంలో మధ్యాహ్నం కూడా చీకటే గనుక, పగటివేళ ధ్రువకాంతులు చూడగలగడం. దాన్ని అధ్యయనం చేయడానికే ఊరి దగ్గర కొండ మీద ఒక పరిశోధనశాల కట్టారు. ఉత్సవం నాటికి మధ్యాహ్నపు వెలుతురు పెరగడం మొదలవుతుంది కాబట్టి ఆ ఆశ పెద్దగా పెట్టుకోకండి.

తెలుగువారు ఒక గంట కేటాయించవలసిన చోటు విమానాశ్రయం ఎగువన కొండలో ఉన్న ప్రపంచ విత్తన భాండాగారం. 2008 ఫిబ్రవరి 26న ప్రారంభమైన ఆ సొరంగంలో, నిత్యం గడ్డకట్టి ఉండే నేలలో, ప్రపంచ దేశాల పంటల విత్తనాలు దాచారు. హైదరాబాదు పక్కన పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ పంపిన జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ విత్తనాలు కూడా అందులో ఉన్నాయి. లోపలికి సందర్శకులను రానివ్వరు. కొండ గర్భంలోంచి పొడుచుకు వచ్చిన కాంక్రీటు ద్వారం, దాని నెత్తిన చీకట్లో మెరిసే గాజు, ఉక్కు కళాకృతి చూసి రావడమే. అది హెచ్చరిక బోర్డుకు అవతల ఉంది గనుక నడిచి పోకుండా మార్గదర్శితో గాని టాక్సీలో గాని వెళ్లండి.

మాఘ శుద్ధ సప్తమి, మన రథసప్తమి, తరచుగా ఈ ఉత్సవం రోజులకు అటూ ఇటూగా పడుతుంది. జిల్లేడాకులు దొరకవు, సూర్యుడూ కనబడడు. కొండలు అడ్డం ఉండటం వల్ల ఫిబ్రవరి మధ్యలో ఉదయించిన సూర్యుడి కిరణాలు ఊరి మీద పడేది మార్చి 8 ప్రాంతంలోనే. ఆ రోజు పాత ఆసుపత్రి మెట్ల దగ్గర ఊరంతా చేరి సూర్యుడికి స్వాగతం చెబుతారు, వారం పాటు ఉత్సవం చేస్తారు. ఉద్యోగ సెలవు ఒకే ఒక్కసారి దొరుకుతుందనుకునేవారు పోలార్‌జాజ్‌కు బదులు ఆ వారానికి వెళ్లడాన్నీ ఆలోచించవచ్చు. వెలుతురు ఎక్కువ, చలి మాత్రం దాదాపు అంతే.

తిరుగు ప్రయాణం రోజున హోటలు వారిని అడిగి బస్సు వేళ ముందు రాత్రే ఖాయం చేసుకోండి. నార్వేలో దిగాక మళ్లీ పాస్‌పోర్టు తనిఖీ ఉంటుంది, వీసాలోని రెండో ప్రవేశం పనికివచ్చేది అక్కడే. స్వాల్‌బార్డ్ నార్వే కస్టమ్స్ పరిధికి వెలుపల ఉంది, పన్నులు లేని వస్తువులు అక్కడ కొని ఉంటే పరిమితి చూసుకుని, దాటితే ఎర్ర దారిలో వెళ్లి ప్రకటించండి. మైనస్ పదిహేనుకు సిద్ధమైన బట్టలతోనే హైదరాబాదులో దిగితే ఇబ్బంది, ఒక నూలు చొక్కా చేతి సంచిలో పైన పెట్టుకోండి.